నల్లమల రోడ్ ట్రిప్: ఫరహాబాద్, మల్లెలతీర్థం, సలేశ్వరం, సోమశిల... మీకు సరిపోయేది ఏది?

హైదరాబాద్–శ్రీశైలం హైవే మీద నల్లమల అడవి మొదలయ్యే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండి ఆపి, ఫోన్‌లో సిగ్నల్ పోకముందే "అన్నా, ఇక్కడ చూసేటివి ఏమున్నయ్?" అని టీ కొట్టు ఆయన్ని అడిగేవాళ్లు ఏ ఆదివారం పోయినా కనిపిస్తారు. ఆయన చెప్పేదాంట్లో తప్పేమీ ఉండదు. ఫరహాబాద్ ఉంది, మల్లెలతీర్థం ఉంది, ఉమామహేశ్వరం దాటి వచ్చేశారు, ముందుకు పోతే దోమలపెంట. చిక్కల్లా ఏమిటంటే, వీటిలో సగం మీరు వెళ్లిన నెలలోనో, వెళ్లిన పూటలోనో పనికిరావు. ఏప్రిల్‌లో జలపాతానికి పోయి బండలు చూసి వచ్చేవాళ్లు, ఆగస్టులో సఫారీకి పోయి మూసిన గేటు చూసి వచ్చేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ వైపు నుంచి సొంత బండిలో ఒకటి రెండు రోజులకు బయల్దేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దూరాలు మనకు కలిసొస్తాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు సుమారు 110 కిలోమీటర్లు. నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా సుమారు 130. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు కూడా దాదాపు అంతే పడుతుంది కానీ, ఊరు దాటడానికే వాళ్లకు ఓ గంట పోతుంది.

## బయల్దేరే ముందు తేల్చుకోవాల్సినవి

దారి తెరిచి ఉందా? ముందు అడగాల్సింది ఇదే. అమెరికా ఎడారి పార్కుల వీడియోలు చూసి, జీపులో మట్టిబాట పట్టుకొని పోయి, ఎక్కడ పొద్దుగూకితే అక్కడ టెంట్ వేసుకుందామనుకునే కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. నిజానికి అక్కడ కూడా చాలా పార్కుల్లో లోపల రాత్రి ఉండాలంటే పర్మిట్ తీసుకోవాలి. మన దగ్గర ఇంకా కట్టుదిట్టం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ఏరియా, అంటే పులుల కోసం గట్టిగా కాపాడే లోపలి అడవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం. మ్యాప్‌లో కనిపించే సన్న గీతలన్నీ మనం పోగలిగే దారులు కావు. వాటిలో ఎక్కువ భాగం అటవీశాఖ గస్తీ బాటలు, చెంచు పెంటల (అడవిలో చెంచు గిరిజనులు ఉండే చిన్న ఊళ్ల) మధ్య కాలిబాటలు. హైవే, సఫారీ బాట, గుడి దారులు, నీటి ఒడ్డు, ఈ నాలుగే మనవి. వీటిలోనే ఎంచుకోవాలి.

ఆ నెలలో నీళ్లు ఎక్కడుంటాయి? నల్లమల ఎడారి కాదు, ఆకు రాల్చే అడవి. కానీ ఏప్రిల్ వచ్చేసరికి చాలా వాగులు ఎండిపోయి, టేకు, నల్లమద్ది, బిళ్లు చెట్లు కట్టెలుగా నిలబడి, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అడవి జంతువులకు అటవీశాఖ ట్యాంకర్లతో, సోలార్ బోర్లతో సాసర్ గుంతలు నింపి నీళ్లు పెట్టాల్సి వస్తుంది. మీరు మోసుకుపోయే నీళ్లు తప్ప మీకు వేరే నీళ్లు ఉండవనే లెక్కతోనే వెళ్లాలి. అయితే జంతువులను చూడటానికి ఆ కాలమే మంచిది. చెట్లకు ఆకు ఉండదు, గుంత దగ్గరికి రాక వాటికి తప్పదు. జలపాతం కావాలంటే ఒక కాలం, దుప్పులు, ఎలుగులు కావాలంటే ఇంకో కాలం. రెండూ ఒకే ట్రిప్పులో కావాలంటే అక్టోబర్ చివర, నవంబర్ మాత్రమే. అప్పుడు కూడా రెండూ కొంచెం కొంచెంగానే దొరుకుతాయి.

గేటు టైమ్. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి రోడ్డులో వాహనాలను వదలరు. అటు దోమలపెంట వైపు, ఇటు మన్ననూరు వైపు గేట్లు పడతాయి. 9కి గేటు మూస్తారంటే 9కి గేటు చేరితే చాలని కాదు, అప్పటికి అడవి దాటి ఉండాలని. మన్ననూరుకు దోమలపెంటకు మధ్య సుమారు 60 కిలోమీటర్లు, వంకర్ల రోడ్డు. వేగం పెంచితే రోడ్డు దాటే జంతువులు చస్తాయి. కాబట్టి గంటన్నర లెక్క వేసుకోండి.

మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరు? బీపీ ఉన్న నాన్నా, మోకాళ్ల నొప్పుల అత్తమ్మా, చంకనెక్కే పిల్లా? ట్రిప్పు వాళ్ల అడుగును బట్టి నడుస్తుంది. నల్లమలలో చాలా చోట్లు కిందికి దిగి చూసేవి. దిగేటప్పుడు అందరూ హుషారే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

బండి గురించి పెద్దగా చెప్పేది లేదు. హైవే ఏ కారుకైనా, ఏ బైకుకైనా బాగుంటుంది. ఫోర్ బై ఫోర్ ఉన్నా దాన్ని వాడే చోటు లేదు. టైర్లు, బ్రేకులు చూసుకుని, అచ్చంపేటలోనో డిండిలోనో ట్యాంకు నింపుకుంటే చాలు.

## ఒక్క చూపులో

| చోటు | మంచి నెలలు | నడక | దారి, అనుమతి | పట్టే సమయం |
|---|---|---|---|---|
| ఫరహాబాద్ సఫారీ | నవంబర్–మే | దాదాపు లేదు | అటవీశాఖ వాహనం, టికెట్ | ఒక పూట |
| మల్లెలతీర్థం | ఆగస్టు–డిసెంబర్ | సుమారు 350 మెట్లు | అటవీశాఖ టికెట్ | మూడు, నాలుగు గంటలు |
| ఉమామహేశ్వరం | ఏడాదంతా | చాలా తక్కువ | గుడి దారి | రెండు గంటలు |
| సలేశ్వరం | చైత్ర పౌర్ణమి జాతర మాత్రమే | చాలా ఎక్కువ, రాళ్లదారి | జాతర రోజుల్లోనే | పూర్తి రోజు |
| అక్కమహాదేవి గుహలు | అక్టోబర్–ఫిబ్రవరి | ఓ మోస్తరు | బోటు మీద | పూర్తి రోజు |
| సోమశిల | సెప్టెంబర్–జనవరి | తక్కువ | అందరికీ తెరిచి ఉంటుంది | ఒక రోజు |
| దేవరకొండ, వైజాగ్ కాలనీ | అక్టోబర్–ఫిబ్రవరి | ఖిల్లా ఎక్కితే ఎక్కువ | అందరికీ తెరిచి ఉంటుంది | ఒక రోజు |

## ఫరహాబాద్: నడవకుండా లోపలి అడవి చూడాలంటే

మన్ననూరు దాటి శ్రీశైలం వైపు పోతుంటే ఫరహాబాద్ గేటు వస్తుంది. అక్కడి నుంచి అటవీశాఖ వాహనంలోనే లోపలికి తీసుకెళ్తారు, సొంత బండికి అనుమతి ఉండదు. నిజాం కాలంలో ఇది వేట విడిది. అప్పట్లో దీన్ని మౌంట్ ప్లెజెంట్ అనేవాళ్లు. పీఠభూమి అంచున ఉన్న వ్యూ పాయింట్ నుంచి కింద అడవి ఎంత దూరమైనా పరుచుకుని ఉంటుంది. నల్లమల ఎంత పెద్దదో ఒక్క నిమిషంలో అర్థం కావాలంటే ఈ చోటు చాలు.

పులి కోసమైతే వెళ్లకండి. ఇక్కడ పులులు ఉన్నాయి, సంఖ్య పెరుగుతోంది కూడా. కానీ అడవి విస్తీర్ణంతో పోలిస్తే అవి తక్కువ, పైగా నేల ఎత్తుపల్లాలతో, పొదలతో ఉంటుంది. తడోబాలోనో రణతంబోర్‌లోనో పులిని చూసి వచ్చినవాళ్లు అదే లెక్కతో ఇక్కడికి వచ్చి, సఫారీ బండి దిగి సణుగుతుంటారు. చుక్కల దుప్పులు, కణుజులు, మనుబోతులు, నెమళ్లు, అడవికోళ్లు చూస్తే చాలనుకునేవాళ్లకు ఈ సఫారీ డబ్బుకు తగ్గది. అదృష్టం ఉంటే ఎలుగుబంటి. ఇంకా ఉంటే రేచుకుక్కల గుంపు. నా ఉద్దేశంలో పులి కంటే అదే చూడదగింది.

సఫారీలో చాలాసార్లు గైడుగా వచ్చేది చెంచు యువకుడే. మనకు ఆకుపచ్చ గోడలా కనిపించే చోట అతనికి దుప్పి చెవి కనిపిస్తుంది. అడిగితే ఏ గడ్డ తినొచ్చో, తేనె ఏ నెలలో తీస్తారో చెప్తాడు. ఆ మాటలు వినకుండా వెనక సీట్లో బ్లూటూత్ స్పీకర్ పెట్టుకునేవాళ్లకు టికెట్ దండగ.

రాత్రి ఉండాలనుకుంటే మన్ననూరులో అటవీశాఖ నడిపే బస ఉంది. మట్టి కుటీరాలు, చెట్టు మీద గది, దాంతోపాటే సఫారీ, చిన్న ట్రెక్ కలిపి ప్యాకేజీగా ఇస్తారు. ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోవాలి, శని, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి. అడవిలో నడవాలనే కోరిక ఉన్నవాళ్లకు, జాతర రోజులు తప్పిస్తే, చట్టబద్ధంగా దొరికే దారి ఈ ట్రెక్కే. జూలై నుంచి సెప్టెంబర్ వరకు సఫారీ బంద్ ఉంటుంది.

పిల్లలున్న కుటుంబానికి, నడవలేని పెద్దవాళ్లకు, కెమెరా ఉన్నవాళ్లకు నా మొదటి ఓటు దీనికే. ఉదయం ట్రిప్పే తీసుకోండి. మధ్యాహ్నం అన్నీ నీడకు చేరతాయి. మార్చి, ఏప్రిల్‌లో చెట్లకు ఆకు లేక అడవి బోసిగా ఉందని ఫొటోలవాళ్లు బాధపడతారు కానీ జంతువులు కనిపించేది అప్పుడే.

## మల్లెలతీర్థం: వానాకాలం చివర వచ్చేవాళ్లకు

వటవర్లపల్లి దగ్గర హైవే వదిలి సుమారు 8 కిలోమీటర్లు లోపలికి పోవాలి. అక్కడి నుంచి మెట్లు, దాదాపు 350. దిగితే బండల మీది నుంచి పడే నీళ్లు, కింద గుండం, పక్కనే శివలింగం.

వానలు బాగా పడిన ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌లలో దీని సోకే వేరు. డిసెంబర్ దాకా ఫర్వాలేదు. ఫిబ్రవరి తర్వాత ధార సన్నబడుతుంది, వేసవిలో దీని కోసమే రావద్దు. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలన్నీ వరద నీటివే, కింద ఏ నెలలో తీశారో ఎవరూ రాయరు.

గుండం విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. చూడటానికి మోకాలి లోతు అనిపిస్తుంది. బండలు పాచి పట్టి ఉంటాయి, లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, పైన వాన పడితే కింద ఉన్నవాళ్లకు తెలియకముందే నీళ్లు పెరుగుతాయి. ఇక్కడ ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లున్నారు. తాగి దిగేవాళ్లతో ఇంకా ప్రమాదం. పెద్దగా వాన పడిన రోజు, ఆ మరుసటి రోజు దిగకపోవడమే మంచిది.

నడక సంగతి చూస్తే, అలవాటున్నవాళ్లు ఇరవై నిమిషాల్లో ఎక్కేస్తారు. అలవాటు లేనివాళ్లకు ముప్పావు గంట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను "మెల్లగా దిగుదాం అమ్మా" అని తీసుకుపోకండి. దిగడమే వాళ్లకు కష్టం. పైన కూర్చోబెట్టాలన్నా కోతుల గోల. అట్లాంటివాళ్లు ఉంటే ఉమామహేశ్వరమే నయం.

## ఉమామహేశ్వరం: ఎవరినైనా తీసుకుపోవచ్చు

రంగాపూర్ దగ్గర, అచ్చంపేట నుంచి పావుగంట, ఇరవై నిమిషాల దూరం. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు, తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఇది. ఘాట్ రోడ్డు మీద గుడి దాకా కారు పోతుంది. ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద కొండచరియ కింద గుడి, అదే నీడలో కాస్త నడిస్తే పాపనాశనం అనే తీర్థం. వేసవిలో కూడా రాతి సందుల నుంచి నీటి చుక్కలు పడుతూనే ఉంటాయి. కింద రంగాపూర్ వైపు పొలాలు కనిపిస్తాయి. సంక్రాంతికి బ్రహ్మోత్సవాలు, ఆ రోజుల్లో పార్కింగ్ దొరకదు. అడవి ట్రిప్ అనిపించుకోవాలంటే ఇదొక్కటే చాలదు, వేరేదానికి జత చేసుకోండి.

## సలేశ్వరం: ఏడాదికి ఒక్కసారి తెరుచుకునే లోయ

నల్లమలలో కాలినడక అంటే ఏమిటో తెలియాలంటే సలేశ్వరమే. చైత్ర పౌర్ణమికి, అంటే ఏప్రిల్ నెలలో జరిగే జాతర అప్పుడు కొద్ది రోజులే దారి తెరుస్తారు. మిగతా ఏడాది అంతా అది కోర్ ఏరియా, పోవడానికి లేదు. "మా వాడికి గార్డు తెలుసు" అనేవాళ్ల మాట పట్టుకొని ఆఫ్ సీజన్‌లో బయల్దేరితే మీ మీద కేసు, ఆ గార్డు ఉద్యోగానికి ఎసరు.

ఫరహాబాద్ మీదుగా రాంపూర్ పెంట వరకు వాహనాలు పోతాయి. అక్కడి నుంచి సుమారు 5 కిలోమీటర్లు కొండలు దిగుతూ, లోయ అంచు వెంట నడక. లింగాల మండలం అప్పాయిపల్లి వైపు నుంచి ఇంకో దారి ఉంది, అది చాలా ఎక్కువ దూరం, మొక్కు ఉన్నవాళ్లు పట్టేది. చివర ఇరుకు లోయ, కొండ మీది నుంచి పడే నీటిధార, గుహలో లింగమయ్య. ఆయనకు పూజ చేసేది చెంచులు. పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా", తిరిగి వచ్చేటప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అని జనం కేకలు వేస్తుంటే లోయంతా మోగుతుంది. భక్తి లేనివాళ్లకైనా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక కష్టాలు. సరిగ్గా ఎండలు ముదిరే రోజులు. లోయలోకి దిగే చోట ఒక్కొక్కరే పట్టే రాళ్లదారి, దాంట్లో ఎదురెదురుగా వేల మంది. తోపులాటలో, ఎండదెబ్బకు, గుండె ఆగి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. సేవాసంఘాలు అక్కడక్కడ నీళ్లు, అంబలి పోస్తాయి, కానీ ఆ భరోసాతో ఖాళీ చేతులతో పోవద్దు. మనిషికి నాలుగు లీటర్లు పట్టుకోండి. తెల్లవారుజామునే నడక మొదలుపెట్టి, ఎండ నడినెత్తికి రాకముందే లోయలో ఉండేలా చూసుకోండి. పౌర్ణమి నాటి రద్దీ తప్పించుకుని మొదటి రోజో చివరి రోజో పోతే దర్శనం కూడా తీరిగ్గా అవుతుంది. పదేళ్లలోపు పిల్లలు, గుండెజబ్బులున్నవాళ్లు, గర్భిణులు వద్దేవద్దు. మొక్కు ఉందంటే ఉమామహేశ్వరంలో చెల్లించుకోమనండి. శివుడు అక్కడా ఉన్నాడు.

వంద మందిలో పది మందికే సరిపోయే చోటిది. ఆ పది మంది మాత్రం మళ్లీ వచ్చే ఏడాది కూడా పోతారు.

తొలి ఏకాదశికి తెరిచే లొద్ది మల్లయ్య గుడి దారి దీనికి చిన్న తమ్ముడు. హైవేకు దగ్గర, నడక తక్కువ, వానాకాలం మొదలు కాబట్టి ఎండ కూడా అంత ఉండదు. సలేశ్వరం పోగలమో లేదో తేల్చుకోవాలంటే ముందు ఇది నడిచి చూడండి.

## దోమలపెంట, అక్కమహాదేవి గుహలు: రోడ్డు చివర

వటవర్లపల్లి దాటాక అడవి చిక్కబడి, దోమలపెంట దాటగానే ఘాట్ మొదలవుతుంది. 2025 ఫిబ్రవరిలో ఎనిమిది మంది చిక్కుకుపోయిన ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం ఈ దోమలపెంట దగ్గరిదే. ఈ వైపు కృష్ణ వంపులు తిరిగే చోటును పైనుంచి చూసేదే ఆక్టోపస్ వ్యూ పాయింట్. మీరు ఎలాగూ శ్రీశైలం పోతున్నట్లయితే దారిలో ఆగండి. ఇదొక్కటి చూడటానికే మన్ననూరు నుంచి ఇంత దూరం రావడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

గుహల సంగతి వేరు. పన్నెండో శతాబ్దపు కన్నడ వచన కవయిత్రి అక్కమహాదేవి తపస్సు చేసిన చోటుగా వీటికి పేరు. శ్రీశైలం జలాశయంలో బోటు మీద సుమారు 16 కిలోమీటర్లు పోయి, దిగి కాసేపు కొండ ఎక్కాలి. గుహ ముందర సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది. లోపల దారి ఇరుకు, చీకటి, చివర్లో పక్కకు తిరిగి జరగాల్సి వస్తుంది. ఊపిరాడనట్టు అనిపించే స్వభావం ఉన్నవాళ్లు తోరణం దగ్గరే ఆగిపోవచ్చు, చూడాల్సినదాంట్లో సగం అక్కడే ఉంది. జలాశయం నిండుగా ఉంటేనే బోటు ప్రయాణం సుఖం. తగినంత మంది ఎక్కకపోతే బోటు కదలదు కాబట్టి ముందురోజే కనుక్కోండి. దీనికి శ్రీశైలంలోనో ఈగలపెంటలోనో రాత్రి ఉండాల్సిందే. ఒక్కరోజులో ఇంటి నుంచి పోయి రావాలనుకుంటే 9 గంటల గేటు గుర్తొచ్చి గుహలో కూడా టెన్షనే.

## సోమశిల: అడవీ, నీళ్లూ, గొడవ లేదు

కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్ల లోపే. మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు మన్ననూరు కంటే ఇదే సుళువు. రాత్రి గేటు లేదు, అడవి టికెట్ లేదు. లలితా సోమేశ్వరాలయంలో పదిహేను లింగాలు ఉంటాయి. శ్రీశైలం ప్రాజెక్టులో ముంపు వచ్చినప్పుడు గుడిని పైకి తెచ్చి కట్టారు. ముందు కృష్ణ, అటు ఒడ్డున నల్లమల కొండలు. పక్కనే అమరగిరి, అక్కడి ఒడ్డు ఇంకా ప్రశాంతం.

ఇక్కడ అన్నీ శ్రీశైలం జలాశయం మట్టాన్ని బట్టే. నిండు మట్టం 885 అడుగులు. ఆగస్టులో వరద వచ్చి నిండితే జనవరి దాకా నీళ్లు గుడి మెట్ల దగ్గరికి ఉంటాయి. వేసవికి వెనక్కి పోయి, బురద, పగుళ్లు తేలిన ఒండ్రు నేల మిగులుతుంది. అదీ ఒక రకంగా చూడదగిందే. అప్పుడే అవతల ఆంధ్ర ఒడ్డున సప్తనదుల సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడుతుంది. పేపర్లో సంగమేశ్వరం తేలిందని వార్త వచ్చిందంటే సోమశిలలో నీళ్లు తగ్గాయని లెక్క.

బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, ఇవ్వకపోతే దిగిపోండి. 2007 జనవరిలో ఈ కృష్ణలోనే మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల మంది పోయారు. జాతర నుంచి తిరిగొచ్చేవాళ్లు. ఈ చుట్టుపక్కల ఊళ్లు ఆ రోజును మరిచిపోలేదు.

మే నెలలో వచ్చినవాళ్లకు నీళ్లు లేకపోయినా కొల్లాపూర్ మామిడి ఉంటుంది. నిజం చెప్పాలంటే అది తక్కువేమీ కాదు.

## దేవరకొండ, వైజాగ్ కాలనీ: నల్లగొండ వాళ్ల ఇంటి దగ్గరి దారి

నల్లగొండ నుంచి మన్ననూరు పోయేవాళ్లు ఎలాగూ దేవరకొండ మీదుగానే పోతారు, కానీ ఖిల్లా దగ్గర ఆగేవాళ్లు తక్కువ. రేచర్ల పద్మనాయకుల కోట, ఏడు కొండలను చుట్టిన గోడలు. ఎక్కేదారిలో నీడ లేదు, ముళ్లకంప ఉంటుంది. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా దిగిపోతే బాగుంటుంది. అక్టోబర్‌లో వానలకు పచ్చబడిన కోట, రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు, ఈ దారి అందం అప్పుడే.

అక్కడి నుంచి నేరెడుగొమ్ము వైపు గంట ప్రయాణంలో వైజాగ్ కాలనీ. నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డు, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాల వల్ల ఆ పేరు వచ్చింది. ఈ నీళ్ల కిందే ఏలేశ్వరం మునిగింది. చేపల వేపుడు బాగుంటుంది. ఆదివారం మాత్రం సీసాలు, డీజేలు, సెల్ఫీలు. కుటుంబంతో పోతే బుధవారమో గురువారమో పోండి. నీటిలోకి దిగవద్దు, ఒడ్డు నుంచే లోతు.

అడవి లోపలి అనుభవం ఇక్కడ లేదు. కానీ తక్కువ ఖర్చుతో, టికెట్లూ గేట్లూ లేకుండా, పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాలనుకునే నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు ఇంతకంటే తేలికైనది లేదు.

## ఇప్పుడు మీ సంగతి

తల్లిదండ్రులు, పిల్లలు కలిసిన ఇల్లంతా పోతే: ఫరహాబాద్ ఉదయం సఫారీ, తిరిగి వస్తూ ఉమామహేశ్వరం. మల్లెలతీర్థం కూడా చేరుద్దామని ఎవరో ఒకరు పట్టుబడతారు. ఒప్పుకోకండి. మూడు చోట్లు పెడితే ఏదీ నిలిచి చూడరు.

బైకుల మీద పోయే స్నేహితులు అయితే సెప్టెంబర్, అక్టోబర్‌లలో మల్లెలతీర్థం, మిగతా కాలంలో సోమశిల. నల్లగొండ వాళ్లు దేవరకొండ, డిండి, మన్ననూరు ఒక వరుసగా చేసుకోవచ్చు. రాత్రి రైడ్ సరదా ఉంటే వేరే రోడ్డు చూసుకోండి.

నడకే కావాలంటే రెండే. ఏప్రిల్‌లో సలేశ్వరం, లేకపోతే మన్ననూరు ప్యాకేజీలో ఇచ్చే ట్రెక్. రెండోది చిన్నదని చులకన చేస్తారు. పక్షుల మీద, చెట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మాత్రం అదే మేలు. సలేశ్వరం గుంపులో పిట్ట కూత వినపడదు.

చేతిలో రెండు రోజులు ఉంటే ఎలా? వానాకాలం చివరైతే మొదటి రోజు ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, రాత్రి శ్రీశైలంలో, రెండో రోజు బోటు మీద అక్కమహాదేవి గుహలు. చలికాలం, వేసవి మొదట్లో అయితే మొదటి రోజు సోమశిల, రాత్రికి మన్ననూరు బస, తెల్లారి ఫరహాబాద్. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది. బండిలో కూర్చునే సమయం తక్కువ, ఒక పూట నీళ్లు, ఒక పూట అడవి.

## డిక్కీలో ఏముండాలి, ఏముండకూడదు

అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం. చెక్‌పోస్టు దగ్గర చూస్తారు. ఇంటి నుంచే ఇరవై లీటర్ల క్యాను, స్టీలు సీసాలు తెచ్చుకోండి. చద్దిమూట లాంటిది ఏదైనా ఇంటి తిండే నయం, హాజీపూర్ చౌరస్తా దాటాక తిండి దొరికే చోట్లు తగ్గిపోతాయి. మందులు, టార్చి, చిల్లర డబ్బు. సిగ్నల్ లేని చోట ఫోన్ పే పనిచేయదని మీకూ తెలుసు, అయినా అందరూ మరిచిపోతారు.

పొయ్యి వెలిగించి వంట చేయడం, సిగరెట్ పారేయడం ఫిబ్రవరి నుంచి జూన్ వరకు నిజంగా ప్రమాదం. ఎండిన ఆకు ఒక్క నిప్పురవ్వతో కిలోమీటర్లు అంటుకుంటుంది. రోడ్డు పక్కన కోతులకు అరటిపండ్లు వేయడం పుణ్యం అనుకుంటారు. ఆ అలవాటుకే అవి రోడ్డు మీదికి వచ్చి లారీల కింద పడుతున్నాయి.

చెంచు పెంటలు వింతగా చూసి పోయే చోట్లు కావు. దారిలో ఆగి తేనె కొనుక్కోవచ్చు, మాట్లాడొచ్చు. అడగకుండా ఇళ్లలోకి కెమెరా పెట్టొద్దు, పిల్లలకు చాక్లెట్లు పంచుతూ రీల్స్ తీయొద్దు.

ఎంత జాగ్రత్త పడ్డా ఆలస్యం అయ్యే రోజు ఒకటి వస్తుంది. దోమలపెంట వైపు ఎనిమిది దాటిపోయిందనుకోండి, గార్డును బతిమాలి దూకేద్దామని చూడకండి. వెనక్కి శ్రీశైలం పోతే సత్రాలు, గదులు చాలా ఉన్నాయి. మన్ననూరు ఇవతల చిక్కుకుంటే అచ్చంపేటలో లాడ్జి దొరుకుతుంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాలంటే అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆలస్యం అవుతోందని అనిపించిన మొదటి ఊళ్లోనే చెప్పేయండి.